రికార్డు లేబుల్ మీద లేని పేరు

ఘంటసాల వెంకటేశ్వరరావు గారి పాట వినపడని తెలుగు ఇల్లు లేదు. ఆయన గొంతును మొట్టమొదట గ్రామఫోను రికార్డుకు ఎక్కించిన కంపెనీ ఉద్యోగి ఎవరని అడిగితే మాత్రం మన సభ్యులలో పదిమందికి ఒకరైనా చెప్పగలరో లేదో సందేహమే. ఆయన పేకేటి శివరాం గారు. “దేవదాసు” (1953) చిత్రంలో వేసిన పేకేటి గారేనా అంటారు. ఆయనే. నటుడుగా పేరు రావడానికి పూర్వం, కన్నడంలో “చక్రతీర్థ” (1967), తెలుగులో “కులగౌరవం” (1972) వంటి చిత్రాలకు దర్శకత్వం వహించడానికి చాలా ముందు, ఆయన మద్రాసులో హెచ్.ఎం.వి. గ్రామఫోను కంపెనీలో ఉద్యోగం చేశారు. 2006లో ఆయన కాలధర్మం చెందినప్పుడు నటుడు, దర్శకుడు అనే అందరూ తలుచుకున్నారు. నేను రాయదలచింది ఆ ఉద్యోగం సంగతి. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడు, రాజులూ యుద్ధాలూ రాసేవారు వేరే ఉన్నారు కదా, ఒక ఉద్యోగి చరిత్ర రాద్దామనిపించింది.

ముందుగా రికార్డు కంపెనీలో ఉద్యోగమంటే ఏమిటో చెప్పాలి. ఈ తరం పిల్లలకు రికార్డు అంటేనే తెలియదు.

ఇంగ్లండు నుంచి గ్రామఫోను కంపెనీ పనిమీద ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన 1902లో కలకత్తాలో దిగి, గౌహర్ జాన్ గారి పాటలు పట్టుకున్నాడు. మన దేశంలో పెద్దఎత్తున రికార్డింగు మొదలయింది అప్పుడే. మొదట్లో ఇక్కడ పాడినదాన్ని ఓడ మీద జర్మనీకి పంపి, ప్లేట్లు అచ్చువేయించి తిరిగి తెప్పించేవారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చింది, 1928లో డమ్‌డమ్‌లో పెద్దది కట్టారు. మద్రాసులో పాడినా, బొంబాయిలో పాడినా ప్లేటు తయారయ్యేది కలకత్తాలోనే. లక్క, రాతిపొడి, మసి కలిపిన ముద్దను వేడిచేసి అచ్చు వేసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటు ఒకవైపు మూడు నిమిషాలు, కొంచెం లాగితే మరో పది, ఇరవై సెకన్లు. కీ ఇవ్వాలి, ముల్లు మార్చాలి, మళ్ళీ తిప్పి వేయాలి.

ఈ మూడు నిమిషాల లెక్కే అసలు కష్టం. మన పద్య నాటకాల నటులు ఒక్క పద్యం మీద అరగంట రాగం తీసినవారు. “వన్స్ మోర్” అంటే మళ్ళీ మొదటికి వచ్చేవారు. అలాంటివారిని గదిలో కూర్చోబెట్టి, “అయ్యా, మూడు నిమిషాలలో ముగించాలి, దగ్గకూడదు, తొడ చరచకూడదు” అని చెప్పి ఒప్పించాలి. ఏ పద్యం తీసుకోవాలి, ఎక్కడ రాగం తగ్గించాలి, రెండోవైపు ఏది వేస్తే ప్లేటు అమ్ముడుపోతుంది, ఎంత సొమ్ము ఇవ్వాలి - ఇవన్నీ చూసే మనిషి ఒకరు కంపెనీలో ఉండాలి. ఇప్పటి మాటలో ప్రొడ్యూసర్. ఆ రోజుల్లో అంత పెద్ద పేరు పెట్టలేదు. జీతం రాళ్ళు తీసుకుని, ఊళ్ళు తిరిగి, నాటకాలు చూసి, గొంతులు ఏరి, స్టూడియోకి రప్పించే గుమాస్తా అనుకోండి.

మన ప్రాంతానికీ ఆ కంపెనీలకూ బాగా లావాదేవీలు ఉండేవి. తెనాలి నాటకాల ఊరు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభలో సత్యభామ వేసి ఆంధ్రదేశాన్ని ఊపేశారు. ఆ సత్యభామ పాట రికార్డుగా కూడా వచ్చింది. స్త్రీ పాత్ర పాడుతున్న పురుషుడి గొంతు పల్లెటూరి అరుగు మీద పెట్టెలోంచి వినపడితే, చూడనివారు స్త్రీయే అనుకునేవారట. వేమూరి గగ్గయ్య గారు, సుద్దపల్లి కళ్యాణం రఘురామయ్య గారు, పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు నుంచి మాధవపెద్ది సత్యం గారు - వీరందరి గొంతులూ ప్లేట్ల మీదికి ఎక్కాయి. ఇక కపిలవాయి రామనాథశాస్త్రి గారు 1935లోనే పోయినా, ఆయన ప్లేట్లు మాత్రం తరువాత ఎన్నో ఏళ్ళు పెళ్ళిపందిళ్ళలో మోగుతూనే ఉన్నాయి. కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. ఒక్కటే కాదు, కొలంబియా ఉండేది, ఓడియన్ ఉండేది. మద్రాసులో ఓడియన్ వ్యాపారం సరస్వతీ స్టోర్సు వారిది. తరువాత ఏ.వి.ఎం. స్టూడియో అధిపతి అయిన మెయ్యప్ప చెట్టియార్ గారు అక్కడినుంచి వచ్చినవారే.

ప్లేటు మధ్యలో గుండ్రటి కాగితం ఉంటుంది, లేబుల్ అంటారు. దాని మీద కంపెనీ పేరు, పాడినవారి పేరు, భాష, నంబరు ఉంటాయి. పాట రాసినవారి పేరు ఉంటే ఉంది, లేకపోతే లేదు. సినిమా ప్లేట్లలో అయితే ఒక దశలో పాడినవారి పేరు కూడా ఉండేది కాదు. 1949లో “మహల్” హిందీ చిత్రానికి లతా మంగేష్కర్ గారు పాడిన ప్రఖ్యాతమైన పాట ప్లేటు మీద, సినిమాలో పాత్ర పేరు “కామిని” అని వేశారు! ఇక ఆ గొంతు ఏరినవాడి పేరు ఎవరు వేస్తారు? మనం రాసిన నోటు మీద ఆఫీసరు సంతకం పడి ఉత్తర్వు అయినట్లే అదీ.

ఇప్పుడు ఘంటసాల గారి సంగతికి వస్తాను. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చి, 1944లో పెళ్ళి చేసుకున్నారు. ఆ కొత్తలోనే సముద్రాల రాఘవాచార్య గారిని కలిశారు. సముద్రాల వారు మన రేపల్లె తాలూకా పెదపులివర్రు వారు. ఈయన పాట విని, మద్రాసు రమ్మన్నారు. ఈయన అప్పుచేసి వెళ్ళారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది, భారం కాకూడదని రాత్రిళ్ళు పానగల్ పార్కులో పడుకునేవారన్నది అందరూ చెప్పుకునే మాటే. పగలు స్టూడియోల గుమ్మాలు ఎక్కడం దిగడం. రేడియోలో అవకాశం దొరికింది. సినిమాల్లో గుంపులో వేషాలు దొరికాయి. “స్వర్గసీమ” (1945)లో భానుమతి గారితో కలిసి పాడే అవకాశం వచ్చింది, దానికి 116 రూపాయలు ఇచ్చారంటారు.

గ్రామఫోను కంపెనీ గడప కూడా ఎక్కారు. అక్కడ మొదట ఒకాయన విని, ఈ గొంతు మైకుకు పనికిరాదని పంపేశారని ఆ రోజులు చూసినవారు చెప్పారు. ఆ తరువాత ఆ కుర్చీలోకి పేకేటి శివరాం గారు వచ్చారు. అదే గొంతు, అదే మైకు. ఈయన సరే అన్నారు. ఘంటసాల గారి మొదటి రికార్డు అలా బయటికి వచ్చింది.

వద్దన్నాయనను ఇప్పుడు అందరూ నవ్వుతూ తలుచుకుంటారు. నాకు అలా నవ్వబుద్ధి కాదు. 1925 దాకా రికార్డింగు అంటే పెద్ద బాకాలోకి గట్టిగా అరవడమే. మైకు వచ్చాక మెత్తని గొంతులకు గిరాకీ పెరిగింది. చిత్తూరు నాగయ్య గారి సౌమ్యమైన పాట అప్పుడు అందరి నోటా ఉంది. ఇటు చూస్తే పద్య నాటకాల వారి భారీ గొంతులు అప్పటికే ప్లేట్లు నింపేశాయి. ఘంటసాల గారిది ఈ రెండింటిలో ఏదీ కాదు. నిండుగా ఉంటుంది, పైస్థాయికి వెళ్ళినా పలచబడదు, అయినా నాటకం గొంతు కాదు. ఏ వరుసలోనూ ఇమడని అర్జీ వచ్చినప్పుడు జాగ్రత్తగల గుమాస్తా ఏం చేస్తాడో మనకు తెలియనిది కాదు. “నిబంధనలు అనుమతించవు” అని రాసి పంపేస్తాడు. వద్దని రాసినవాడికి మెమో ఎవరూ ఇవ్వరు. సరేనని రాసినవాడి మీదనే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పైగా అది యుద్ధకాలం, లక్కకు కటకట. ఒక కొత్తవాడి ప్లేటు వేసి అమ్ముడుపోకపోతే కలకత్తా నుంచి తాఖీదు వస్తుంది. అటువంటి వేళ, పేరూ ఊరూ లేని కుర్రవాడికి సరే అన్న ఉద్యోగి ధైర్యం ఎంతటిదో, ముప్పైయేళ్ళు ఫైళ్ళు నడిపినవాడిగా నాకు తెలుసు.

ఆ ఒక్క సంతకం తరువాత ఏమయిందో చూడండి. మన గుంటూరు జిల్లా కొమ్మూరు వారు జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, అంటే కరుణశ్రీ గారు రాసిన “పుష్పవిలాపం” పద్యాలు పుస్తకంలో చదివినవారు కొద్దిమందే. ఘంటసాల గారి ప్లేటు వచ్చాక చదువురాని రైతుకూలీ కూడా వాటిని పాడాడు. పద్యాన్ని నాటకం నుంచి విడదీసి, రాగాన్ని ఆ మూడు నిమిషాలలో ఇమిడ్చి, ప్రతి మాటా తెలిసేటట్లు చదవడం ఆయన తెచ్చిన పద్ధతి. ఆ పద్ధతికి ప్లేటు కొలతే కారణమని నా నమ్మకం. సినిమాలలో ఆయన సంగీతం సమకూర్చిన “మనదేశం” (1949), “పాతాళభైరవి” (1951) వంటివి చెప్పనక్కరలేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆఖరు రోజుల్లో పాడిన భగవద్గీత రికార్డు విడుదలైంది ఆయన పోయిన తరువాతే. ఈనాటికీ మన ఊళ్ళలో ఎవరు పోయినా ముందుగా మైకులో వినపడేది అదే. మైకుకు పనికిరాదన్న గొంతు!

పేకేటి గారు ఆ కుర్చీలో ఎక్కువకాలం ఉండలేదు, నటనలోకి వెళ్ళిపోయారు. తరువాతి దశాబ్దాలలో హెచ్.ఎం.వి.లో తెలుగు రికార్డుల వెనుక పి. మంగపతి గారి పేరు వినపడుతుంది. ఆ కంపెనీ కూడా పేరు మార్చుకుంది, 2000లో సారెగమ అయింది.

ఇటువంటి మనుషులు ఇతర దేశాలలో ఎలా ఉన్నారా అని చదివితే అమెరికాలో జాన్ హామండ్ (1910-1987) అనే ఆయన కనపడ్డాడు. కలవారి బిడ్డ. పత్రికలకు సంగీత వ్యాసాలు రాసేవాడు, కొలంబియా రికార్డు కంపెనీకి గొంతులు ఏరిపెట్టేవాడు. నల్లజాతి గాయని బిల్లీ హాలిడే చేత 1933లో మొదటి రికార్డు పాడించింది ఆయనే. 1961లో బాబ్ డిలాన్ అనే కుర్రవాడిని తీసుకున్నాడు. మరుసటి సంవత్సరం వచ్చిన మొదటి రికార్డు అమ్ముడుపోక, కంపెనీలో దాన్ని “హామండ్ తెలివితక్కువ పని” అని ఎగతాళి చేశారు. ఆ కుర్రవాడికే 2016లో నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. హామండ్‌కు ఒక సౌకర్యం ఉంది. గొంతు ఏరడమూ ఆయనే, దాని గురించి రాయడమూ ఆయనే. కనుక పేరు మిగిలింది. మన పేకేటి గారి వంటివారు ఏరి ఊరుకున్నారు. రాయడం ఇంకొకరి పని అయింది.

ఆ రాసే పనిని మన భాషలో వ్రతంలా పట్టుకున్నవారు వి.ఎ.కె. రంగారావు గారు. బొబ్బిలి జమీందారీ వంశం వారు, మద్రాసులో ఉండి వేలకొద్దీ 78 ప్లేట్లు పోగుచేశారు. లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కిన సేకరణ అది. జమీందారులు పులిచర్మాలు పోగుచేస్తారని విన్నాం గాని, పాత ప్లేట్లు పోగుచేసిన జమీందారును ఈయననే చూశాం. పోగుచేసి బీరువాలో పెట్టుకోలేదు. హెచ్.ఎం.వి. వారు పాత తెలుగు సినిమా పాటలను ఎల్.పి.లుగా తెచ్చినప్పుడు పాటలు ఎంపికచేసి, పాడినవారెవరు, రాసినవారెవరు, సంగీతం ఎవరిది అని తేల్చి ఇచ్చారు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పత్రికలకు రాశారు. “ఆలాపన” శీర్షికన ఆయన తెలుగులో రాసినవి చదివినవారికి ఆ ధోరణి గుర్తుండే ఉంటుంది. ఎంత పెద్దవారు చెప్పినా, సినిమా టైటిల్సులో వేసినా, తప్పయితే తప్పని మొహమాటం లేకుండా రాస్తారు. ఆ కరకుదనం కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం అది మంచి సూపరింటెండెంటు చేతి ఎర్రసిరాలా అనిపిస్తుంది.

తెనాలికి కూడా ఇందులో వాటా ఉంది. కొడవటిగంటి కుటుంబరావు గారు కథలు రాశారని అందరికీ తెలుసు, సినిమాల మీదా సంగీతం మీదా వ్యాసాలు రాశారని తక్కువమందికి తెలుసు. వారి అబ్బాయి రోహిణీప్రసాద్ గారు (1949-2012) అణుశాస్త్రవేత్తగా బొంబాయిలో ఉద్యోగం చేస్తూ, సితార్ వాయిస్తూ, రాగాల గురించి, సినిమా సంగీత దర్శకుల గురించి సామాన్యులకు అర్థమయ్యే తెలుగులో రాశారు. ఉద్యోగం ఒకటి, మనసు ఒకటి అయినవారికి ఆయన్ని చదవమని నేను చెబుతుంటాను.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి రాయకుండా ఉండలేను. స్టూవర్టుపురం పేరు వినగానే జనానికి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు, సర్వీసు అంతా వింటూనే వచ్చాను. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మా పెద్దలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ వారి అజమాయిషీలో 1913-14 ప్రాంతంలో ఇక్కడ ఉంచారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. ఆ చట్టం ఉన్నన్నాళ్ళూ మనుషులకు హాజరు. పేరు పిలిస్తే పలకాలి, సెలవు చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. నేను పుట్టింది ఆ చట్టం పోయే రోజుల్లో, కనుక హాజరు పిలుపు నాకు గుర్తులేదు. మా నాయనమ్మకు గుర్తుంది. ఆమె ఎరుక చెప్పేది. బుట్ట ముందు పెట్టుకుని, చేతిలో కర్రతో, దేవతల పేర్లు వరసగా ఎత్తుకుంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నదో తెలిసేది కాదు. అది మాటా కాదు, పాటా కాదు. ఎరుకలసాని ఘట్టం నాటకాలలో వచ్చింది, సినిమాలలో వచ్చింది, పెద్ద పెద్ద గాయకులు పాడారు. విన్నాను, బాగానే పాడారు. కాని మా ఇళ్ళలో ఎత్తుకునే తీరు అది కాదు. ఇన్నేళ్ళుగా సంతలలో, పాత సామాను కొట్లలో నేను తిరగేసిన ప్లేట్లలో మా ఊరి ఆడమనిషి పేరున్న లేబుల్ ఒక్కటీ నా కంటపడలేదు.

బాపట్లకు, చీరాలకు మధ్య రైలుమార్గం మీదనే మా స్టేషను. మద్రాసు వెళ్ళే బళ్ళు మా ముందునుంచే వెళ్ళేవి. గొంతులు ఏరడానికి తెనాలి వచ్చిపోయే కంపెనీవారెవరైనా కిటికీలోంచి స్టేషను పేరు చదివే ఉంటారు. ఆ పేరు చదివి ఎవరు దిగుతారు? వారిని తప్పుపట్టడం లేదు. హాజరు పుస్తకంలో మా నాయనమ్మ పేరు ఏళ్ళతరబడి రోజూ ఉంది. ఆమె గొంతు 1961లో ఆమెతోనే పోయింది.

కనుక సభ్యులకు ఒక మనవి చేసి ముగిస్తాను. మీ ఇళ్ళలో అటకల మీద, పాత పెట్టెలలో 78 ప్లేట్లు ఉంటే దయచేసి తూకానికి అమ్మవద్దు. ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పగుళ్ళు వస్తాయి. పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగలనివ్వకండి. మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి, స్పిరిటు మాత్రం వాడకండి, లక్క కరిగిపోతుంది. లేబుల్ మీద ఉన్న పేర్లు, నంబరు, అలాగే లేబుల్ పక్కన నున్నటి చోట సన్నగా చెక్కి ఉన్న అంకెలు ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయానికి ఇవ్వండి. లేబుల్ చిరిగిపోయినా ఆ అంకెలతో ప్లేటు ఏదో పోల్చుకోవచ్చు. జాబితా తయారుచేసే పని నేను చూసుకుంటాను. ఆ ప్లేటు మీ ఇంటికి ఎవరు తెచ్చారో, ఎక్కడ కొన్నారో తెలిస్తే అది కూడా రెండు వాక్యాలు రాయండి. మీ ఇంట్లో పెద్దవారు ఇంకా ఎరుకో, సువ్వీ పాటో, పద్యమో ఎత్తుకోగలిగితే, మనుమల చేత ఫోనులో పట్టించండి. ఇప్పుడు మూడు నిమిషాల లెక్క లేదు.